నోటి పాచిక

ఆట 608

ఇవాళ కామేశు గుండె ఆగింది. మళ్లీ కొట్టుకుంది కాబట్టి ఈ పుస్తకంలో చావు అని రాయడం లేదు.

రాస్తున్నది సంగాడి నూకరత్నం, సముద్రం మధ్య ఈ మంచె మీద తగువులు తీర్చే బల్లకు పెద్దని. తగువు ఒక వల గురించి. కింది అంతస్తులో ఉండే కామేశు ఆ వల తనదన్నాడు, పై అంతస్తులో ఉండే ఓలేటి దైవకుమార్ తనదన్నాడు. చెరో పక్క కూర్చోబెట్టి, ఆటలో వాళ్ల బదులు కొట్లాడే కాయితం మనుషుల్ని ముందు పెట్టించాను. పదహారో ఏట ఎవరి కాయితం మనిషిని వాళ్లే రాసుకుంటారు. ఒక్కొక్కరికి మొత్తం పన్నెండు. బలానికి, చురుక్కి, నోటికి పంచుకోవాలి. కామేశు బలానికి ఏడు పెట్టుకున్నాడు. దైవకుమార్ తొమ్మిది నోటికే పోసి, బలానికి రెండు, చురుక్కి ఒకటి మిగుల్చుకున్నాడు. ఆ రెండుతో కొట్లాటకు కూర్చోవడానికి ఎంత గుండె ఉండాలి అని ఇన్నేళ్లూ అందరం మెచ్చుకుంటూనే ఉన్నాం.

పాచిక ఇత్తడిది, ఇరవై ముఖాలు. వేసిన అంకెకు కాయితం మీది అంకె కలిపితే ఎవరిది ఎక్కువైతే వాళ్ల దెబ్బ దిగుతుంది. కాయితం మనిషి పొట్టలో కత్తి దిగితే నేను పలక మీద మీట తిప్పుతాను, కూర్చున్నవాడి మణికట్టు పట్టీ ఆ నొప్పిని వాడి పొట్టలో పుట్టిస్తుంది. నొప్పి నిజంది, గాయం ఉండదు. కత్తుల ఏడులో, అంటే రెండు అంతస్తులూ కత్తులు దూసుకున్న ఏట, ముప్ఫై ఒక్కమంది శవాల్ని ఈ ఇనప మంచె మీంచి సముద్రంలోకి దొర్లించాం, ఆ తర్వాత కుదుర్చుకున్న పద్ధతి ఇది. బల్ల బయట ఎవడైనా ఎవరి మీదైనా చెయ్యెత్తితే అదే పట్టీ ఎత్తినవాణ్ణే పడగొడుతుంది.

దైవకుమార్ ఇవాళ ఐదు పోట్లు తిన్నాడు. డొక్కలో రెండు, తొడలో రెండు, మెడ మీద ఒకటి. మొహంలో కండ కదల్లేదు. కామేశు తిన్నవి రెండే. రెండోది ఛాతీలో. కళ్లు తేలేసి బల్ల మీద పడ్డాడు. నోట్లోంచి నురుగు. మంచె మీద వైద్యం చూసే పోలమ్మత్త వాడి నడుం మీద కూర్చుని రొమ్ము మీద గుద్దింది, ఒక పక్కటెముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. నాలుగో గుద్దుకు దగ్గాడు.

నేను మీట మీంచి చెయ్యి తీశాను. అప్పుడు దైవకుమార్ నెమ్మదిగా అన్నాడు, "వదినా, ఇంక పోట్లొద్దు. వాడు సచ్చిపోతాడు. నోటి పాచిక ఏయించు. నా మడిసి వాడి మడిసికి నచ్చజెప్తాడు. నెగ్గితే వాడు ఒప్పుకోవాలి. ఎవడికీ నొప్పుండదు."

నోటి పాచిక బల్ల మీద ఎప్పటినుంచో ఉంది. కానీ నేను ఆడించే బల్ల మనుషుల మీదే వేసేవాళ్లం, అంటే ఆటలో ఎదురయ్యే కాపలావాళ్లు, పడవవాళ్లు, బేరగాళ్ల మీద. పాచిక పడితే కాపలావాడు దారి వదులుతాడు. ఎప్పుడైనా కూర్చున్న మనిషి మీద వేస్తే మాత్రం, వేసినవాడి మాట నిజంలా ఉందని చెప్పి నేను ఊరుకుంటాను. నమ్మాలో వద్దో కూర్చున్నవాడి ఇష్టం. నాకు ముందు పనిచేసిన పెద్ద నేర్పింది ఇదొక్కటే, కూర్చున్నవాడి మనసు కూర్చున్నవాడిదే.

కామేశు పెదాలు ఇంకా నీలంగానే ఉన్నాయి. సరే అన్నాను. పాచిక దైవకుమార్‌కు పడింది. వల చెరి సగం అన్నాడు. కామేశు తలూపాడు, ఏడ్చాడు, దైవకుమార్ చెయ్యి పట్టుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పుణ్యం కట్టుకున్నానని నేనూ అనుకున్నాను. నా మొహానికి పుణ్యం ఒకటే తక్కువ.

608 తర్వాత ఆరో రోజు

మా మరదలు దుర్గవేణి పోయింది.

పొద్దున కుళాయి దగ్గర జరిగింది ముందు రాయాలి. కింది అంతస్తు మంచినీళ్ల వాల్వు తిప్పి పైకి మళ్లించుకుంటున్నాడని దైవకుమార్‌ని దుర్గ బిందెలతో నిలబడ్డవాళ్లందరి ముందూ కడిగేసింది. "పైవోళ్లకి తానాలకి నీళ్లు, కింద పిల్లలకి తాగడానికి లేవు. సిగ్గుందేటి నీకు?" అంది. అతను నవ్వాడు. ఏమీ అనలేదు.

మధ్యాహ్నం దుర్గ దిగింది. మునిగిపోయిన ఊళ్లోంచి రాగి తీగ తేవడం తన పని, తన మొగుడు వీరేశు పనీ అదే. వీరేశు నా తమ్ముడు. మంచె మధ్యలో సముద్రంలోకి దిగడానికి నేల కోసిన గుంటను మేం నుయ్యి అంటాం. దాని పైన వించి, అంటే తాడు చుట్టే యంత్రం, ఉంటుంది. వించి మీద తాడు, తాడు కొసన మనిషి. వించి బ్రేకు పన్నెండేళ్లుగా దైవకుమార్ చేతిలో ఉంది. మా పట్టీలు బాగుచేసేదీ అతనే.

నలభై బారల దగ్గర బ్రేకు వదిలేసింది. తాడు బుస్సుమని పరిగెత్తింది. గాలి గొట్టం అంచుకు తగిలి తెగింది. పైకి లాగేసరికి తలకు బిగించిన ఇనప టోపీ అద్దం లోపల నెత్తురు నిండిపోయి మొహం కనబడలేదు. వీరేశు ఆ టోపీ విప్పాడు. కళ్లు బయటికి వచ్చేశాయి. వాడు ఆ కళ్ల మీద అరచెయ్యి పెట్టి అలాగే చాలాసేపు కూర్చున్నాడు. నేను దగ్గరకు వెళితే "ముట్టుకోకక్కా" అన్నాడు.

"జారిపోయింది వదినా. నా సేతుల్లోనే జారిపోయింది" అని దైవకుమార్ నెత్తి కొట్టుకుని ఏడ్చాడు. వీరేశు లేచి అతని మీదికి ఉరికాడు. చెయ్యి లేచిందో లేదో పట్టీ వాణ్ణి నేలకు కొట్టింది. లేచాడు, ఉరికాడు, మళ్లీ పడ్డాడు. మూడోసారి నాలుక కరుచుకున్నాడు. పెళ్లాం శవం పక్కన నోటినిండా నెత్తురుతో పడుకుని, బల్ల కావాలని అడిగాడు.

ఆట 609

కత్తి పాచిక వేసి ఉంటే వీరేశు గెలిచేవాడు. వాడి కాయితం మనిషికి బలం ఏడు, చురుకు నాలుగు, నోరు ఒకటి. చిన్నప్పట్నుంచీ అంతే, మాట కంటే ముందు భుజం వస్తుంది.

దైవకుమార్ కూర్చోగానే నోటి పాచిక అడిగాడు. "బావా, నేను కావాలని సెయ్యలేదని నా మడిసి నీ మడిసికి సెప్తాడు. నెగ్గితే నువ్వు నమ్మాలి. కామేశుకి పెట్టిన పద్ధతే కదా వదినా, ఇప్పుడు మీ తమ్ముడికి వేరే పద్ధతేటి?"

అరవైమంది నా మొహం వంక చూస్తున్నారు. కాదంటే తమ్ముణ్ణి వెనకేసుకొచ్చాననేవారు. పై అంతస్తు వాళ్లు అప్పుడే గొణుగుతున్నారు. ఆ క్షణంలో నాకు న్యాయం కంటే పేరు ముఖ్యమైంది. ఈ మాట నా చేత్తో నేనే రాస్తున్నాను, ఎవరూ కొట్టెయ్యకూడదు.

వెయ్యమన్నాను.

దైవకుమార్‌కు పద్నాలుగు పడింది. తొమ్మిది కలిపితే ఇరవై మూడు. వీరేశుకు పదిహేడు. ఒకటి కలిపితే పద్దెనిమిది.

ఇక్కడ నేను అనాల్సింది, "వీరేశూ, అతని మాట నిజంలా ఉంది. ఆపైన నీ ఇష్టం." కానీ నేను అన్నది, "వీరేశూ, నువ్వు అతన్ని నమ్ముతున్నావు."

వాడు నా వంక చూశాడు.  "ఆట ఆటేనక్కా" అని లేచి, దైవకుమార్ చెయ్యి పట్టుకుని ఊపాడు. వాడి పట్టీ గుయ్యిమంటూనే ఉంది. కొట్టాలన్న కోరిక లోపలుంటే అలా మోగుతుంది. వాడు మాత్రం చెయ్యి వదల్లేదు.

609 తర్వాత రెండో రోజు

వీరేశు నుయ్యి దగ్గరకు వెళ్లి తాడు కట్టుకున్నాడు. బ్రేకు పట్టుకోమని దైవకుమార్‌ని పిలిచాడు.

నేను పరిగెత్తాను. "ఒరేయ్, నీకు మతి పోయిందా? వాడి చేతిలో తాడా?"

"నమ్మాను కదక్కా" అన్నాడు. "నమ్మినోడు ఏం సేత్తాడు? వాడి తాడు మీదే దిగుతాడు. నమ్మానని నోటితో అని, ఎనకాల ఇంకోణ్ణి పిలుసుకుంటే అది దొంగాట."

"నేను తప్పు చెప్పాను. మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"బల్ల పెద్ద మాట ఎనక్కి తీసుకుంటే, రేపు పైవోళ్లు కత్తుల మాట ఎనక్కి తీసుకుంటారు. మన అయ్య ఏం సేశాడో మర్సిపోయావా?"

మరిచిపోలేదు. కత్తుల ఏడులో మా అయ్య సంధి చేసుకుని, మర్నాడు మాట తప్పాడు. ఏడుగురు పోయారు. అప్పటికి వీరేశుకు తొమ్మిదేళ్లు, ఆ శవాల్ని మోశాడు. అప్పటినుంచి వాడు అన్న మాట ఒక్కటి తప్పింది నేను చూడలేదు.

దిగాడు. తాడు మీంచి నా చూపు కదల్లేదు. పైకొచ్చాడు. తాడు ముడి నేనే విప్పాను.

609 తర్వాత ఐదో రోజు

దైవకుమార్ మరీ వేగంగా దించాడట. వీరేశు చెవుల్లోంచి, ముక్కులోంచి నెత్తురు. ఎడమ చెవి వినబడటం లేదు.

"కొంచెం జారింది బావా" అన్నాడు దైవకుమార్.

"పర్లేదు" అన్నాడు నా తమ్ముడు.

609 తర్వాత తొమ్మిదో రోజు

పైకి లాగేటప్పుడు తాడు ఒక్క గుంజు గుంజింది. వీరేశు చెయ్యి కప్పీలో ఇరుక్కుంది. రెండు వేళ్లు తెగి నూతిలో పడ్డాయి. మిగిలిన మొదళ్లకు పోలమ్మత్త ఇనప కడ్డీ కాల్చి పెట్టింది. మాంసం కాలిన కంపు. వాడు అరవలేదు. దైవకుమార్ పక్కనే నిలబడి "అయ్యో బావా" అంటూ గుడ్డ అందించాడు.

నేను ఆ గుడ్డ లాక్కున్నాను. దాంతో దైవకుమార్ మెడ బిగించాలనిపించింది. నా పట్టీ గుయ్యిమంది. బల్ల పెద్ద పట్టీ మోగడం మంచె మీద అంతకుముందు ఎవరూ వినలేదు. అందరూ తిరిగి చూశారు.

దైవకుమార్ నవ్వాడు, కుళాయి దగ్గర నవ్విన నవ్వే. తొందర లేదు వాడికి. ఒకేసారి చంపితే రెండో ప్రమాదం ఎవరూ నమ్మరు. కొంచెం కొంచెం కోస్తున్నాడు. నా తమ్ముడు కోయించుకుంటున్నాడు. వాణ్ణి ఆ తాడు మీద కూర్చోబెట్టింది నేను.

609 తర్వాత పదో రోజు

పోలమ్మత్త దగ్గరకెళ్లి పలక, పుస్తకం ముందు పెట్టాను. కత్తుల ఏడులో ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న మనిషి, మంచె మీద ఆమె మాటకు రెండు అంతస్తులూ తలొగ్గుతాయి.

"ఒక్క ఆటకి నువ్వు పెద్దగా ఉండాలత్తా. నేను కూర్చుంటాను."

"నీ కాయితం మడిసి ఉందా అసలు?"

ఉంది. పదకొండేళ్లు పెట్టె అడుగున పడి ఉంది. బలం మూడు, చురుకు మూడు, నోరు ఆరు.

"ఓడిపోతే?"

"ఓడితే వాడు దుర్గని చంపలేదని నేను కూడా నమ్మాలి. తమ్ముడు ఆ తాడు మీదే ఉంటాడు. నేను నోరు మూసుకుని చూస్తుండాలి."

ముసలిది నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "పెట్టింది నువ్వే, ఇప్పుడు పీక్కుంటున్నావు. రా, కూకో."

ఆట 610

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని ఎవరూ నవ్వొద్దు.

దైవకుమార్ ఎదురుగా కూర్చున్నాను. బల్లకు ఇవతలి పక్క ఎలా ఉంటుందో మరిచిపోయాను. నా కాయితం ముందు పరిచాను.

"నా మనిషి నీ మనిషితో అంటోంది" అన్నాను. "ఇప్పుడే, అందరి ముందూ, తాడు కట్టుకుని నూతిలో దిగు. బ్రేకు నేను పట్టుకుంటాను. నిన్ను క్షేమంగా పైకి తీస్తాను. నమ్ము."

పై అంతస్తు వాళ్లలో ఎవరో ఈల వేశారు. దైవకుమార్ నా కాయితం చూసి, నోరు ఆరేనా అన్నట్టు పెదవి విరిచాడు. ముందు అతనే వేశాడు. ఎనిమిది. తొమ్మిది కలిపితే పదిహేడు. నేను పాచిక రెండు చేతుల మధ్య పెట్టుకుని దుర్గ పేరు తలుచుకున్నాను. పంతొమ్మిది పడింది. ఆరు కలిపితే ఇరవై ఐదు.

పోలమ్మత్త నా మాటలే వాడింది. "దైవకుమారూ, నువ్వు ఈవిణ్ణి నమ్ముతున్నావు. లెగు."

అందరం నుయ్యి దగ్గరకు నడిచాం. అతను సూటు తొడుక్కున్నాడు, తాడు కట్టించుకున్నాడు, నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు. నేను బ్రేకు కడ్డీ మీద కుడి చెయ్యి వేశాను. అతను ఆ చెయ్యి వంక చూశాడు. నీళ్ల వంక చూశాడు. రెండో కాలు పెట్టలేదు.

"ఒంట్లో బాలేదు వదినా. రేపు దిగుతాను."

"నా తమ్ముడు తెగిన వేళ్లతో ఇవాళ పొద్దున కూడా దిగాడు."

"నువ్వు వదిలేత్తావు."

"ఎందుకు వదులుతాను? మా మరదలిది ప్రమాదమని నువ్వే అన్నావు. ప్రమాదానికి పగేంటి? నా అంతట నేను వదలను. జారితే మాత్రం నేనేం చెయ్యలేను. నీకూ అలాగే జారింది కదా."

"జారదు" అన్నాడు. వాడి మొహమంతా చెమట. "ఆ బ్రేకు జారదు. పన్నెండేళ్లు పట్టుకున్నోణ్ణి నాకు తెల్దా? ఎవడో ఒకడు ఎత్తితేనే వదుల్తాది."

అన్నాక అర్థమైంది వాడికి. దుర్గ దిగిన రోజు బ్రేకు మీద ఉన్నది వాడి చెయ్యొక్కటే. కింద నీళ్లు స్తంభాలకు కొట్టుకునే చప్పుడు మాత్రం ఉంది.

వీరేశు తన మంచి చెవి అటు తిప్పాడు. "ఇంకోసారి సెప్పు" అన్నాడు.

దైవకుమార్ వించి పక్కన వేలాడే కొక్కెం లాగి నా మీదికి వచ్చాడు. నేను కదల్లేదు. చెయ్యెత్తాడు కదా, పట్టీ పడగొడుతుందనుకున్నాను. పడగొట్టలేదు. కొక్కెం నా అరచేతిలో దిగి, బ్రేకు కడ్డీ అవతలి పక్కకు వచ్చింది. చెయ్యి కడ్డీకి కుట్టేసినట్టయింది. అప్పుడు తెలిసింది. వాడి పట్టీ చచ్చిపోయి ఎన్నేళ్లయిందో. పట్టీలు బాగుచేసేది వాడే కదా. ఆ ఐదు పోట్లు, ఆ కదలని మొహం, మేం మెచ్చుకున్న గుండె, అన్నీ ఉత్తుత్తివి. కామేశు నిజంగా చచ్చి బతికిన బల్ల దగ్గర వీడు ఏ నొప్పీ లేకుండా కూర్చున్నాడు.

కొక్కెం పీకి మళ్లీ ఎత్తాడు, ఈసారి నా మెడకు. వీరేశు వచ్చి వాడి మీద పడ్డాడు.

పట్టీ అందుకునేలోపే మొదటి గుద్దు దవడ మీద పడింది. అది తగిలిన క్షణమే పట్టీ నా తమ్ముణ్ణి పడగొట్టింది. లేచాడు. రెండో గుద్దుకు దైవకుమార్ ముక్కు నలిగింది. వీరేశు మోకాళ్ల మీద కూలాడు, ఒళ్లంతా కొట్టుకుంటోంది. పాక్కుంటూ వెళ్లి మూడోది వేశాడు. ఒక్కో దెబ్బకూ ఒక్కో దెబ్బ తింటున్నాడు. దైవకుమార్ కొక్కెంతో వాడి భుజం చీరాడు, తెల్లగా ఎముక కనబడింది. తెగిన వేళ్ల కట్లు ఊడిపోయి, వాడు కొట్టిన ప్రతిచోటా నెత్తురు అంటుకుంది. ఎవరూ అడ్డం వెళ్లలేదు. వెళితే పట్టీలు వాళ్లనూ పడేసేవి. చివరికి కొక్కెం వీరేశు చేతికి వచ్చింది. దైవకుమార్‌ని వెల్లకిలా నూతి అంచున పడేసి, తల నీళ్ల మీదికి వేలాడేసి, గుండెల మీద కూర్చున్నాడు.

"అక్కా. పట్టీ తియ్యి."

పట్టీల తాళంచెవి నా మెడలో ఉంది. పట్టీ తీసేస్తే ఒక్క పోటు చాలు. తియ్యకపోతే, పోటు దిగిన క్షణంలో పట్టీ వాడి గుండెను కూడా ఆపెయ్యొచ్చు, అప్పటికే అంత దెబ్బతిన్నాడు. పోనీ బతికినా, సంగాడి వాళ్లు మళ్లీ నెత్తురు తీశారని పైవాళ్లు రేపే కత్తులు నూరతారు. నాకు మిగిలింది వాడొక్కడే.

అప్పుడు కామేశు పరిగెత్తుకొచ్చి పాచిక నా ఎడమ చేతిలో పెట్టాడు. "ఎయ్యి రత్నమక్కా. ఆపమని ఎయ్యి. నీ నోరు ఆరు, వాడిది ఒకటి. నెగ్గుతావు. ఆట మాటంటే వాడు వింటాడు."

నిజమే. నెగ్గేదాన్నే. వాడు వినేవాడే. చేతిలోంచి కొక్కెం జారవిడిచి, ఆట ఆటేనక్కా అని, ఆ రోజు చూసినట్టే నా వంక చూసేవాడు.

పాచికను నూతిలోకి విసిరేశాను. చిన్న చప్పుడైంది.

"వీరేశూ" అన్నాను. "ఇది ఆట కాదు. నేను అడుగుతున్నాను. వాడు చావాల్సినవాడే, నాకూ చంపాలనే ఉంది. కానీ నిన్ను ఆ తాడు మీద కూర్చోబెట్టింది నేను. నా తప్పుకి నువ్వు హంతకుడివి కావొద్దు. నాకు నువ్వు కావాలి. వద్దురా."

వాడు నా చేతిలోంచి కారే నెత్తురు చూశాడు.

"వద్దు నాన్నా" అన్నాను మళ్లీ. చిన్నప్పుడు వాణ్ణి అలా పిలిచేదాన్ని.

కొక్కెం లేచింది. దిగింది. దైవకుమార్ కుడి చేతి మీద, బ్రేకు ఎత్తిన చేతి మీద. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. వేళ్లన్నీ పిండయ్యేదాకా కొట్టాడు. ప్రతిసారీ పట్టీ వాణ్ణి విసిరికొట్టింది, ప్రతిసారీ లేచాడు. ఆ అరుపులు అడుగు స్తంభాల దాకా వినబడి ఉంటాయి. నాలుగోసారి లేచి, కాసేపు ఊగుతూ నిలబడి, కొక్కెం తెచ్చి నా కాళ్ల దగ్గర పడేశాడు.

నా మాట సగమే విన్నాడు. ఆ సగం వాడే ఇచ్చాడు.

610 తర్వాత పదహారో రోజు

దైవకుమార్ బతికే ఉన్నాడు. పై అంతస్తు వాళ్లే వాణ్ణి కింద ఇనప గదిలో పెట్టి తాళం వేశారు. వాడి పట్టీ విప్పి చూస్తే లోపల తీగలు లేవు, మైనం కూరి ఉంది. మంచె మీద ఉన్న పట్టీలన్నీ విప్పి చూశాం. ఇంకెవరిదీ చచ్చిపోలేదు. వాల్వు కింది అంతస్తుకు తిప్పాం.

బల్ల పెద్దగా పోలమ్మత్తే ఉండాలన్నాను. "నీ కంపు నువ్వే కడుక్కో" అని పుస్తకం నా ఒళ్లో పడేసింది. కొత్త పాచిక కామేశు చెక్కుతున్నాడు. అది పూర్తయ్యేలోగా మొదటి పేజీలో ఎడమ చేత్తో పెద్ద అక్షరాలతో రాశాను. కూర్చున్నవాడి మనసు కూర్చున్నవాడిదే. దాని కింద నా పేరు, నేను చేసిన పని కూడా రాశాను, నా తర్వాత వచ్చేవాళ్లకు తెలియాలని.

వీరేశు మళ్లీ దిగుతున్నాడు. బ్రేకు కామేశు పట్టుకుంటున్నాడు. భుజం మానుతోంది. నాతో మాట్లాడటం లేదు.

రోజూ పని అయ్యాక వాడి గది దగ్గరకు వెళుతున్నాను. తలుపు బయట నిలబడి, నేను చేసింది తప్పు, నన్ను క్షమించరా అని అడుగుతున్నాను. మొదటి రోజుల్లో లోపల్నించి అలికిడి కూడా లేదు. నిన్న దగ్గాడు.

ఇవాళ తలుపు తీశాడు. కూర్చోమనలేదు. దుర్గ పీట గోడ పక్కనే ఉంది. వాడు దాని వంక చూశాడు, నా వంక చూశాడు, తలుపు తీసే ఉంచి వెనక్కి తిరిగి తన కట్లు మార్చుకోవడం మొదలుపెట్టాడు. నేను గడప అవతలే నిలబడ్డాను. రేపు మళ్లీ వెళ్లి అడుగుతాను.